గుండె వెనకాల గొట్టం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం. సంచికలో వెయ్యాలని మిత్రులు కోరితే కొద్ది మార్పులతో రాసిచ్చాను.)

 

మన కార్యదర్శి నాకు క్లాస్‌మేట్. అందుకని గారు అనకపోయినా ఏమీ అనుకోడు. నెల కిందట ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలిస్తాం. కరెంటు గురించి చెబుతావా, చిన్ననాటి ముచ్చట్లు చెబుతావా?" అన్నాడు. ఛాతీ నొప్పి గురించి చెబుతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "ఒరే, మన స్కూల్లో చదివిన డాక్టర్లు చాలామందే వస్తున్నారు. సబ్‌స్టేషన్లు కట్టుకునేవాడివి, నీకెందుకురా ఈ సంగతి?" అన్నాడు.

డాక్టర్లు బల్ల పక్కన నిలబడి చూసింది చెబుతారు. నేను బల్ల మీద పడుకుని చూసింది చెబుతాను. ఎక్కడైనా తప్పు మాట్లాడితే వాళ్ళంతా ఇక్కడే ఉన్నారు, నిలబెట్టి దిద్దుతారు. ఈ స్కూల్లో నిలబడటం నాకు కొత్త కాదు. కార్యదర్శి ఇంకో షరతు కూడా పెట్టాడు. "భోజనాల ముందు జనాన్ని బెదరగొట్టకు. గారెలు, బొబ్బట్లు చేయిస్తున్నాం" అని. బెదరగొట్టను. కాకపోతే నా మాటలు విన్నాక ఎవరైనా రెండు గారెలు తగ్గిస్తే వంటవాళ్ళు నన్ను తిట్టుకోకూడదు.

లోపలికి వచ్చేటప్పుడు వరండాలో దండలు వేసిన ఫొటోలు చూసే ఉంటారు. మనలో ముందే వెళ్ళిపోయినవాళ్ళు. ఆ వరసలో మూడో ఫొటో నా పక్క బెంచీవాడిది. వాడికీ నాకూ ఒకేలాంటి నొప్పి వచ్చింది. నేనిక్కడ మైకు ముందున్నాను, వాడక్కడ గోడ మీదున్నాడు. నేను ఈ అంశం ఎంచుకోవడానికి కారణం అదే. వాడి సంగతి చివర్లో చెబుతాను. ముందు నా సంగతి.

నాలుగేళ్ళ కిందటి మాట. నాకప్పుడు యాభై రెండు. మేనల్లుడి పెళ్ళి రిసెప్షన్. మేనమామ కాబట్టి వచ్చినవాళ్ళందర్నీ పలకరించి, అందరూ తిన్నాక తిన్నాను. అప్పటికి రాత్రి పదకొండున్నర. బిర్యానీ, మిరపకాయ బజ్జీ, పైన రెండు స్వీట్లు, కాఫీ. ఇంటికొచ్చి పన్నెండున్నరకి పడుకున్నాను. రెండు గంటల ప్రాంతంలో ఛాతీ మధ్యలో ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. లేచి కూర్చున్నాను. నొప్పి ఎడమ భుజంలోకి, కింది దవడలోకి పాకింది. ఒళ్ళంతా చెమట. మంట కాదు, గుర్తుంచుకోండి. బరువు, బిగింపు.

మా ఆవిడ లేచింది. "గ్యాస్ అయ్యుంటుంది, కాస్త సోడా ఉంటే ఇవ్వు" అన్నాను. ఆవిడ సోడా ఇవ్వలేదు, చొక్కా ఇచ్చింది. "గ్యాసో గీసో డాక్టరు చెబుతాడు, లేవండి" అంది. పెళ్ళయిన ఇరవై ఐదేళ్ళలో ఆవిడ మాట వినడం వల్ల నాకు ఎప్పుడూ నష్టం జరగలేదు.

ఆస్పత్రిలో పది నిమిషాల్లోపే ఈసీజీ తీశారు. తేడా ఏమీ లేదు. అయినా పంపించలేదు. రక్తం తీసి ట్రోపోనిన్ అనే పరీక్ష చేశారు. గుండె కండరం దెబ్బతింటే అందులోంచి రక్తంలోకి వచ్చే పదార్థం అది. అది కూడా మామూలుగానే ఉంది. అయినా వదల్లేదు. కొన్ని గంటలాగి ఈసీజీ, రక్తపరీక్ష మళ్ళీ చేశారు. ఎందుకంటే గుండెపోటు మొదలైన కొత్తలో మొదటి ఈసీజీ మామూలుగా ఉండొచ్చు, ట్రోపోనిన్ పెరగడానికి టైము పడుతుంది. ఒక్క రీడింగు చూసి మెషీను బాగుందని సర్టిఫికెట్ ఇవ్వకూడదని మా శాఖలో కూడా నియమం ఉంది. వాళ్ళ మీద నాకు గౌరవం కలిగింది. నా వయసు, బీపీ, మా నాన్నగారికి గుండెజబ్బు ఉండటం చూసి మర్నాడు మణికట్టు దగ్గర్నుంచి యాంజియోగ్రాం కూడా చేశారు. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. "మీ గుండెకేం లేదు, హాయిగా ఇంటికెళ్ళండి" అన్నారు.

హాయిగానే వెళ్ళాను. ఆ హాయి మూడు వారాలుంది. ఒక రాత్రి మళ్ళీ అదే పిడికిలి. మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ ఈసీజీ, మళ్ళీ అంతా మామూలే. మూడోసారి కూడా అంతే. అప్పట్నుంచి నా బతుకు మారిపోయింది. గుండెకేం లేదన్నారు, నొప్పి మాత్రం వస్తోంది. అంటే వీళ్ళకి దొరకని పెద్ద జబ్బేదో ఉందనుకున్నాను. మెట్లెక్కడం మానేశాను. టూర్లు మానేశాను. రాత్రి పడుకోవాలంటే భయం. చొక్కా జేబులో సార్బిట్రేట్ మాత్రలు పెట్టుకు తిరిగేవాణ్ణి. నొప్పి వస్తే నాలుక కింద ఒకటి. కాసేపట్లో తగ్గేది. తగ్గిన ప్రతిసారీ నా భయం ఇంకాస్త గట్టిపడేది. గుండె మాత్రకి తగ్గిందంటే గుండె నొప్పే కదా అని. దగ్గరివాళ్ళు కొందరు "అంతా మనసులోదే, ధ్యానం చెయ్యి" అన్నారు. మంచికే అన్నారు. కానీ నొప్పి ఉన్నవాడితో నొప్పి లేదనడం కంటే పెద్ద శిక్ష లేదు.

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి మన స్కూల్లోనే నాకంటే రెండేళ్ళు చిన్నవాడైన ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా ఫైలంతా తిరగేసి పక్కన పెట్టి, "అన్నా, రాత్రి ఎన్నింటికి తింటావు? తిన్న ఎంతసేపటికి పడుకుంటావు?" అని అడిగాడు. అన్ని నెలల్లో నన్నెవరూ అడగని ప్రశ్న అది. తర్వాత కాగితం మీద ఒక గుండె బొమ్మ గీసి, దాని వెనకాల ఒక గొట్టం గీశాడు.

ఆ గొట్టం పేరు ఆహారవాహిక. సైన్సు మాస్టారు బోర్డు మీద రంగు సుద్దముక్కలతో వేసి భాగాలు గుర్తించమనేవారు. మార్కుల కోసం గుర్తించాం కానీ, అది సరిగ్గా గుండెకి ఆనుకుని వెనకగా పోతుందని నేను ఎన్నడూ ఆలోచించలేదు. పెద్దవాళ్ళలో దాదాపు 25 సెంటీమీటర్ల పొడవు. గుండె ఎడమ కర్ణికకి సరిగ్గా వెనకాలే ఉంటుంది. అది ఉత్త గొట్టం కాదు, కండరాల గొట్టం. మింగిన ముద్దని పైనుంచి కిందికి పిండుకుంటూ తీసుకెళ్తుంది.

ఇక వైరింగు సంగతి, ఇది మా సబ్జెక్టు. గుండె నుంచి, ఆహారవాహిక నుంచి నొప్పిని మోసుకెళ్ళే నరాలు వెన్నుపాములో ఛాతీ పైభాగానికి చెందిన ఇంచుమించు ఒకే మెట్లలో కలుస్తాయి. ఎడమ చేతి నుంచి, భుజం నుంచి వచ్చే నరాలు కొన్ని కూడా అక్కడికే చేరతాయి. అంటే రెండు ఫీడర్లకి కలిపి ఒకే అలారం లైను వేశారన్నమాట. కంట్రోల్ రూంలో కూర్చున్న మెదడుకి బెల్లు వినిపిస్తుంది, ఏ ఫీడరో తెలియదు. అందుకే ఆహారవాహిక నొప్పి కూడా బిగింపులా రావచ్చు, దవడకి పాకవచ్చు, చెమట పట్టించవచ్చు. నొప్పి పడేవాడు తన నొప్పిని బట్టి ఇది గుండెదో గొట్టానిదో చెప్పలేడు. అనుభవమున్న డాక్టర్లు కూడా నొప్పి వర్ణన ఒక్కటే విని చెప్పలేరు. అందుకే పరీక్షలు.

మన తెలుగులో కూడా ఈ తికమక ఉంది. ఉన్నది ఒక్క గుండె. కానీ 'గుండెలు బాదుకున్నాడు' అంటాం, 'గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపొమ్మంటాం'. అక్కడ గుండెలంటే ఛాతీ. పొట్టలోంచి ఆమ్లం పైకి తన్నితే 'గుండెల్లో మంట' అంటాం. ఆ మంటకీ గుండెకీ సంబంధమే లేదు. నరాలు చేసే పొరపాటే భాష కూడా చేస్తోంది. ఇందులో తెలుగు మాస్టారి తప్పేమీ లేదని మనవి.

మరి గొట్టానికి నొప్పెందుకు వస్తుంది? ఎక్కువ మందిలో కారణం ఆమ్లం. పొట్టలో ఉండేది మన లాబరేటరీలో సీసాలో చూసిన హైడ్రోక్లోరికామ్లమే. దాని పీహెచ్ 1, 2 ఉంటుంది. ఆహారవాహికలో మామూలుగా 7కి దగ్గర్లో ఉంటుంది. పీహెచ్‌లో ఒక్కో మెట్టుకి ఆమ్లత పది రెట్లు. 7 నుంచి 2 దాకా అయిదు మెట్లు, అంటే లక్ష రెట్లు. పొట్టకి లోపల మందమైన జిగురుపొర కాపలా ఉంది. గొట్టానికి ఆ స్థాయి రక్షణ లేదు. రెండింటి మధ్య ఒక కండరపు కవాటం ఉంది, మూడు నాలుగు సెంటీమీటర్ల మేర బిగిసి ఉంటుంది. పంపుసెట్టుకి నాన్-రిటర్న్ వాల్వు లాంటిదే, కానీ పూర్తిగా అలా చేస్తే పనికిరాదు. తేన్పు బయటికి పోవాలి కదా. అందుకని మింగనప్పుడు కూడా అప్పుడప్పుడు సడలుతుంది. పొట్ట నిండుగా ఉండి, మనం పడుకుని ఉన్నప్పుడు సడలిందంటే ఆమ్లం పైకొస్తుంది. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగితే కింద ఒత్తిడి పెరుగుతుంది. కొందరిలో పొట్ట పైభాగం కొంచెం ఛాతీలోకి జారి వాల్వుని ఇంకా వదులు చేస్తుంది.

రెండో కారణం కండరాల గొడవ. గొట్టం వరసగా పిండకుండా ఒక్కసారిగా అక్కడక్కడా బిగుసుకుపోతుంది. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే కార్క్‌స్క్రూలా మెలికలు తిరిగి కనిపించవచ్చు. ఇంకో రకంలో వరస సరిగ్గానే ఉంటుంది, బలం విపరీతం. దానికి డాక్టర్లు పెట్టిన పేరు 'జాక్‌హామర్'. రోడ్డు పగలగొట్టే మెషీను పేరు గొట్టానికి పెట్టారంటే నొప్పి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మూడో కారణం, నరాలు మరీ సున్నితమైపోవడం. మామూలుగా ఎవరికీ తెలియని కొద్ది ఆమ్లానికే అలారం మోగుతుంది. భయం ఆ సున్నితత్వాన్ని ఇంకా పెంచుతుంది. అంటే 'మనసులోదే' అన్నవాళ్ళు పూర్తిగా తప్పు కాదు. కానీ మనసు మంట పెట్టలేదు, ఉన్న మంటకి గాలి ఊదింది.

ఇక నా సార్బిట్రేట్ మాయ. ఆ మందు గుండె రక్తనాళాల్లోని మెత్తటి కండరాన్నే కాదు, ఆహారవాహికలో ఉన్న అదే జాతి కండరాన్ని కూడా సడలించగలదు. కాబట్టి దానికి తగ్గితే గుండె నొప్పేనని రుజువు కాదు. దీన్ని తిరగేసి కూడా గుర్తుంచుకోండి, ఇదే ముఖ్యం. యాంటాసిడ్ తాగితే తగ్గింది కాబట్టి గుండె నొప్పి కాదని కూడా రుజువు కాదు. గుండె నొప్పి దానంతటదే కాసేపు తగ్గి, ఆ పేరు జెలుసిల్‌కి రావచ్చు. సోడా తాగాక తేన్పు వచ్చింది, హాయిగా ఉంది అనుకున్న మనిషి తెల్లారేసరికి లేకపోవడం మన ఊళ్ళలో కొత్త కాదు.

డాక్టరు తమ్ముడు నాకు ఎండోస్కోపీ చేయించాడు. గొట్టంలో పుండు లేదు, ఎరుపు కూడా లేదు. నేను మళ్ళీ నీరసపడ్డాను. "ఆమ్లం పైకొచ్చే చాలామందికి ఎండోస్కోపీ మామూలుగానే ఉంటుందన్నా" అని ఇంకో పరీక్ష రాశాడు. ముక్కులోంచి సన్నటి తీగ లాంటి గొట్టం దించి, వాల్వుకి 5 సెంటీమీటర్ల పైన దాని కొసని ఉంచారు. దానికి పీహెచ్ కొలిచే సెన్సరు. ఇవతలి కొస నడుముకి కట్టిన చిన్న రికార్డరుకి. 24 గంటలు అలాగే ఉండాలి. తిన్నప్పుడు, పడుకున్నప్పుడు రాసుకోవాలి. నొప్పి వచ్చినప్పుడు మీట నొక్కాలి. ముక్కుకి తీగతో ఇంట్లో తిరుగుతుంటే మా మనవరాలు వరసైన పిల్ల "తాతా, నిన్ను ఛార్జింగు పెట్టారా?" అంది.

మర్నాడు గ్రాఫు నా ముందు పెట్టారు. పీహెచ్ 4 దగ్గర ఒక అడ్డగీత. రేఖ ఆ గీత కిందికి పడిపోతే ఆమ్లం పైకొచ్చినట్టు. నేను మీట నొక్కింది అయిదుసార్లు. నాలుగుసార్లు, నొక్కడానికి కొద్ది ముందే రేఖ నిటారుగా కిందికి పడింది. సబ్‌స్టేషన్లో ఏదైనా ట్రిప్ అయితే ఏది ముందు, ఏది తర్వాత జరిగిందో సెకన్లతో సహా లాగ్ చూసి తేల్చడమే నా ఉద్యోగం. ఎనిమిది నెలల భయం ఆ కాగితం చూసిన అయిదు నిమిషాల్లో సగం దిగిపోయింది. నొప్పి అప్పటికి ఇంకా తగ్గలేదు. దాని చిరునామా దొరికిందంతే. చిరునామా దొరకడం కూడా ఒక మందే.

ఇక్కడ సైన్సు మాస్టారికి ఒక చిన్న కథ చెప్పాలి. ఇలాంటి రికార్డర్లు రాకముందు, 1958లో అమెరికాలో బెర్న్‌స్టైన్, బేకర్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక పరీక్ష ప్రకటించారు. రోగి ఆహారవాహికలోకి గొట్టం ద్వారా కాసేపు ఉప్పునీరు, కాసేపు పలచటి ఆమ్లం చుక్కలు చుక్కలుగా వదిలేవారు. ఏది ఎప్పుడు వస్తోందో రోగికి తెలియనివ్వరు. ఆమ్లం వచ్చినప్పుడే నొప్పి వస్తే కారణం దొరికినట్టు. వాడిన ఆమ్లం 0.1 నార్మల్ హైడ్రోక్లోరికామ్లం. మాస్టారూ, మీరు బ్యూరెట్టు చేతికిచ్చి "చుక్క చుక్కగా వదలండర్రా, తొందరపడొద్దు" అని టైట్రేషన్ చేయించింది ఆ గాఢతతోనే. అప్పుడు తొందరపడి రంగు పాడుచేసినవాళ్ళలో నేనొకణ్ణి.

ఇక వైద్యం. మందు చిన్నదే, పద్ధతే పెద్దది. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి మాత్రలు పొట్టలో ఆమ్లాన్ని తోడే పంపుల్ని ఆపుతాయి. అన్నం తినబోతున్నప్పుడు ఆ పంపులు ఆన్ అవుతాయి. కాబట్టి మాత్ర తిండికి అరగంట, గంట ముందు పడాలి. మనలో చాలామంది టిఫిన్ తిన్నాక గుర్తొచ్చి వేసుకుని, మందు పనిచెయ్యలేదంటాం. అలాగని పిప్పరమెంటు బిళ్ళలా ఏళ్ళ తరబడి సొంతంగా మింగడం కూడా తప్పే. ఎన్నాళ్ళన్నది డాక్టరు చెప్పాలి. నరాల సున్నితత్వానికి ఇంకో మాత్ర చాలా తక్కువ మోతాదులో ఇచ్చాడు. చీటీ మీద చూస్తే అది దిగులుకి వాడే మందు. నేను మొహం మాడ్చుకుంటే, "నీకు పిచ్చని కాదన్నా, వాల్యూం తగ్గించడానికి" అన్నాడు.

మిగిలినదంతా ఇంటిపని. రాత్రి భోజనం ఏడున్నరకి, పడక పదిన్నర తర్వాత. మధ్యలో మూడు గంటలు. మంచానికి తలవైపు కోళ్ళ కింద ఆరంగుళాల దిమ్మెలు పెట్టించాను. రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుంది, పొట్ట నొక్కుకుంటుంది కానీ ఛాతీ ఎత్తు కాదు. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటాను. అలా పడుకుంటే పొట్ట వాల్వు కంటే కిందికి ఉంటుంది. ఎనిమిది కిలోలు తగ్గాను. ఆవకాయ మానలేదు, అబద్ధం చెప్పను. రాత్రి నుంచి మధ్యాహ్నానికి మార్చాను. నూనెలో తేలే పదార్థాలు, కాఫీ బాగా తగ్గించాను. ఏది ఎవరికి పడదో ఎవరికి వాళ్ళే రాసుకుని తెలుసుకోవాలి. మాత్ర ఏదైనా సరే నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చుని లేదా నిలబడి మింగండి. కొన్ని నొప్పి మాత్రలు, డాక్సీసైక్లిన్ లాంటివి గొట్టంలో అతుక్కుంటే అక్కడే పుండు చేస్తాయి. రెండు నెలల్లో నా నొప్పి పదిలో ఎనిమిది పాళ్ళు పోయింది. సార్బిట్రేట్ సీసా డాక్టరు చేతికిచ్చేశాను.

కథ ఇక్కడితో అయిపోతే నేను మైకు తీసుకునేవాణ్ణి కాదు.

నయమయ్యాక నేను ప్రచారకుణ్ణయిపోయాను. ఎవరు ఛాతీ పట్టుకున్నా నా పీహెచ్ గ్రాఫు కథ చెప్పేవాణ్ణి. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం నా పక్క బెంచీవాడు ఫోన్ చేశాడు. "ఒరే, నువ్వు చెప్పిన నొప్పే నాకూ వస్తోందిరా. బస్టాండు నుంచి ఇంటికి నడుస్తుంటే ఛాతీ మీద బండ పెట్టినట్టుంటోంది. ఆగితే పోతోంది" అన్నాడు. నేను నవ్వాను. "గ్యాసేరా. నేను లక్ష రూపాయలు తగలేసి నేర్చుకున్నది నీకు ఉచితంగా చెబుతున్నా, రాసుకో" అని మాత్ర పేరు చెప్పాను. మంచం కింద దిమ్మెలు పెట్టమన్నాను. వాడు "హమ్మయ్య" అన్నాడు. ఆ హమ్మయ్య నాకు ఇంకా వినిపిస్తూ ఉంటుంది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు.

'నడిస్తే వస్తోంది, ఆగితే పోతోంది.' నాకు నొప్పి వచ్చేది తిని పడుకుంటే. వాడికి వచ్చేది నడిస్తే. రక్తనాళం ఇరుకైనప్పుడు గుండె చేసే ఫిర్యాదు ముమ్మూర్తులా అలాగే ఉంటుందని తర్వాత డాక్టరు తమ్ముడు చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. వాడు ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళుంటే బతికేవాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. పరీక్ష చేయించుకునే అవకాశమైతే తొమ్మిది రోజులుంది. అది నా మాటతో పోయింది.

నా ఉద్యోగంలో ఒక విషయం ఉంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కి, పైనున్న నూనె ట్యాంకుకి మధ్య గొట్టంలో బుకోల్జ్ రిలే అని ఒకటి పెడతారు. లోపల గ్యాస్ పుడితే అక్కడ పోగై అలారం మోగిస్తుంది. కొత్తగా నూనె నింపినప్పుడు లోపల చిక్కుకున్న ఉత్త గాలి కావచ్చు. లోపల మంట రేగి నూనె కాలి పుట్టిన గ్యాస్ కావచ్చు. బయటికి రెండూ ఒకే అలారం. అందుకని గ్యాస్ పట్టి పరీక్షించకుండా రీసెట్ మీట నొక్కకూడదు. 'గాలేలే' అని నొక్కితే ట్రాన్స్‌ఫార్మరే పోవచ్చు. ముప్పై ఏళ్ళుగా కుర్ర ఇంజనీర్లకి ఈ పాఠం చెబుతున్నవాణ్ణి. నా స్నేహితుడి ఛాతీలో అలారం మోగితే 'గ్యాసేరా' అని ఫోన్లోనే రీసెట్ చేశాను.

ఈ మాట ఇక్కడ చెప్పేముందు వాళ్ళావిడ అనుమతి తీసుకున్నాను. ఆవిడ ఈ సభలోనే ఉన్నారు. "చెప్పండి అన్నయ్యగారూ, ఇంకొకళ్ళ ఇంట్లో జరక్కుండా ఉంటుంది" అన్నారు. ఆవిడ పెద్ద మనసుకి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

కాబట్టి నేను ఈ నొప్పి ద్వారా నేర్చుకున్నది అయిదు మాటల్లో చెప్పి ముగిస్తాను.

మొదటిది. కొత్తగా ఛాతీలో నొప్పి, బరువు, బిగింపు వస్తే అది గుండెదే అనుకుని బయల్దేరండి. చెమట, ఆయాసం, దవడకో చేతికో పాకడం ఉంటే అసలు ఆలోచించొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. మీరే స్కూటరు నడుపుకుంటూ వెళ్ళొద్దు. రక్తనాళం మూసుకుంటే ప్రతి నిమిషానికీ కొంత కండరం పోతుంది. పరీక్షలో గ్యాస్ అని తేలితే ఎవరూ నవ్వరు. నవ్వితే నవ్వనివ్వండి.

రెండోది. మన అక్కచెల్లెళ్ళకి, షుగరున్నవాళ్ళకి ప్రత్యేకంగా చెబుతున్నాను. గుండెపోటు మీకు సినిమాలో చూపించినట్టు రాకపోవచ్చు. విపరీతమైన నీరసం, ఆయాసం, వికారం, పొట్ట పైభాగంలో ఇబ్బంది, అంతే ఉండొచ్చు. షుగరు వల్ల నొప్పి తెలియకనే పోవచ్చు. ఇంట్లో అందరికీ వడ్డించాక చూద్దాంలే అనుకోకండి.

మూడోది. గుండె బాగుందని తేలాక ఫైలు మూసెయ్యకండి. నొప్పి మళ్ళీ వస్తుంటే దాని చిరునామా కనుక్కోవాలి. గొట్టాన్ని కూడా చూడమని అడగండి. భయంతో మెట్లు మానేసి ఎనిమిది నెలలు పారేసుకోకండి.

నాలుగోది. ముద్ద దిగకుండా అడ్డం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తం కక్కినా, విరేచనం తారులా నల్లగా అయినా ఇంట్లో చిట్కాలు ఆపి వెంటనే చూపించుకోండి. అది ఇంకా పెద్ద జబ్బు కావచ్చు.

అయిదోది నా కోసం నేను రాసుకున్నది, మీకూ పనికొస్తుంది. నా నొప్పి జవాబు నా ఛాతీకే చెల్లుతుంది. ఒకసారి గొట్టమని తేలిన నాకే రేపు గుండె నొప్పి రావచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉండకూడదని ఎక్కడా లేదు. ఎవరైనా మీకు ఫోన్ చేసి ఛాతీలో నొప్పి అంటే మీ అనుభవం చెప్పకండి. "ఎక్కడున్నావు? కదలకు, బండి పంపిస్తున్నా" అనండి. అంతకంటే స్నేహం లేదు.

మాస్టారూ, చిన్నప్పుడు మీరు హాజరు పట్టీ తీసి పేర్లు పిలుస్తుంటే మేం కబుర్లలో పడి పలికేవాళ్ళం కాదు. పక్కవాడు మోచేత్తో పొడిస్తే అప్పుడు ఉలిక్కిపడి "ప్రెజెంట్ సార్" అనేవాళ్ళం. నన్ను అలా పొడిచేవాడు వరండాలో ఫొటో అయ్యాడు. ఇప్పుడు ఆ పని మనం ఒకళ్ళకొకళ్ళం చెయ్యాలి. పదేళ్ళలో వజ్రోత్సవం వస్తుంది. అప్పుడు కూడా మీరే పట్టీ తీసి పిలవాలి, ఇక్కడున్న ప్రతి ఒక్కళ్ళం పలకాలి.

గారెలు చల్లారిపోతున్నాయని కార్యదర్శి సైగ చేస్తున్నాడు. పగటి భోజనమే కాబట్టి తినండి. తిన్నాక ఆ వేపచెట్టు చుట్టూ ఓ రెండు రౌండ్లు నెమ్మదిగా నడవండి. నడిచేటప్పుడు ఎవరికైనా ఛాతీలో బరువుగా అనిపిస్తే మాత్రం నాకు చెప్పకండి. ముందు వరసలో ఉన్న డాక్టర్లకి చెప్పండి.